5 వారాల బాబుకు పాలు తాగగానే వాంతి: ఓపెన్ ఆపరేషనా, కీహోలా?

దేవరకొండ_నాన్న · సోమవారం రాత్రి 11:20

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ పక్కన పల్లె. ఇప్పుడు హైదరాబాద్‌లో హాస్పిటల్ వరండాలో కూర్చుని రాస్తున్నా. మాకు మొదటి సంతానం, బాబు. రేపటికి 5 వారాలు నిండుతాయి.

మూడో వారం దాకా బాగానే తాగాడు. తర్వాత పాలు కక్కడం మొదలైంది. పిల్లలన్నాక కక్కుతారులే అనుకున్నాం. దిష్టి అని మా అమ్మ ఉప్పు, మిరపకాయలు తిప్పేసింది. వస కొమ్ము అరగదీసి నాకించారు. గ్రైప్ వాటర్ పోశాం. పాలు పడటం లేదని ఒకరు డబ్బా పాలు మార్చమన్నారు, మార్చాం. పోయిన వారం నుంచి కక్కడం పోయి వాంతి అయింది. నా ఒళ్లో పడుకోబెట్టుకుంటే ఎదురుగా ఉన్న గోడకు పోయి కొట్టింది. విరిగిన పాలు, తెల్లగా. వాంతి అయిన మరు నిమిషమే పిడికిలి నోట్లో పెట్టుకుని చప్పరిస్తాడు, మళ్లీ ఆకలి. పాలు తాగాక పొట్ట మీద ఎడమ నుంచి కుడికి చిన్న బంతి దొర్లినట్టు అల పోతుంది. అది మొదట చూసింది నా భార్య.

నల్లగొండలో పిల్లల డాక్టర్ స్కానింగ్ రాశారు. పైలోరిక్ స్టెనోసిస్ అని వచ్చింది, అంటే జీర్ణాశయం నుంచి పేగులోకి పోయే దారి దగ్గర కండరం ఉబ్బి దారి ఇరుకైందట. కండరం మందం 4.6 మి.మీ., పొడవు 18 మి.మీ. ఉందట. అదే రోజు హైదరాబాద్ పంపారు. బరువు 3 కిలోల 600 దాకా పోయి ఇప్పుడు 3 కిలోల 250కి దిగింది.

ఇద్దరు సర్జన్లకు చూపించాం. ఒకరు ఓపెన్ చేస్తామన్నారు, ఇంకొకరు కీహోల్ (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో) చేస్తామన్నారు. ఇంట్లో మాట ఒకటి కాలేదు. ఇంత చిన్న పొట్టకు కోత వద్దని అత్తమ్మ, పొట్టలో గాలి నింపుతారట అదెందుకని మా బావ. సెలైన్ ఎక్కుతోంది, ఆపరేషన్ ఇంకా పెట్టలేదు. ఎందుకు ఆలస్యం చేస్తున్నారో కూడా అర్థం కావడం లేదు. ఎవరి పిల్లలకైనా అయి ఉంటే చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

పిల్లలమర్రి_నీడ · సోమవారం రాత్రి 11:52

తమ్ముడూ, ముందు భయపడకు. మాది మహబూబ్‌నగర్. మా పెద్దోడికి 7 ఏళ్ల కింద ఇదే అయింది, ఓపెన్ చేశారు. వాడు ఇప్పుడు రెండో తరగతి, ఇంట్లో అందరికంటే ఎక్కువ తినేది వాడే.

కోత కుడివైపు పక్కటెముకల కింద అడ్డంగా పెట్టారు. అప్పుడు నా చిటికెన వేలంత ఉండేది. ఇప్పుడు పొట్టతో పాటు అదీ సాగింది, వేలు పొడవు దాటింది. ఈత నేర్చుకోవడానికి చొక్కా విప్పినప్పుడు పిల్లలు అడుగుతారు, చిన్నప్పుడు ఆపరేషన్ అయిందని చెప్తాడు. వాడికేం బాధ లేదు. నాకే ఒక్కోసారి స్నానం చేయించేటప్పుడు ఆ గీత మీద చెయ్యి ఆగిపోతుంది.

మళ్లీ ఎంచుకోమంటే ఏది ఎంచుకుంటానో చెప్పలేను. అప్పుడు మాకు ఎంచుకోవడానికి లేదు కూడా. ప్రాణం నిలబడితే చాలనుకున్నాం.

ఫణిగిరి_గుట్ట · మంగళవారం ఉదయం 6:15

నేను పిల్లల సర్జన్‌ని. సొంతూరు సూర్యాపేట వైపు. బాబును చూడకుండా మీ బాబుకు ఇదే చేయించండి అని చెప్పను. రెండు పద్ధతుల మధ్య తేడా ఏమిటో మాత్రం వివరంగా రాస్తాను.

లోపల జరిగే పని రెండింట్లోనూ ఒకటే. జీర్ణాశయం పేగులోకి తెరుచుకునే చోట ఉండే కండరం ఉబ్బి గట్టిపడింది. పుస్తకాల్లో ఆలివ్ కాయంత అని రాస్తారు, మన లెక్కలో రేగుకాయంత. ఆ కండరాన్ని పొడవునా చీల్చి, లోపలి పొర తెగకుండా రెండు వైపులా విడదీస్తాం. లోపలి పొర ఆ సందులోంచి పైకి ఉబికి వస్తుంది. అంతే. చీల్చిన కండరాన్ని మళ్లీ కుట్టం. 1911లో రామ్‌స్టెట్ అనే జర్మన్ సర్జన్ కుట్టబోతే కుట్లు కండరాన్ని కోసుకుపోయాయి. అలాగే వదిలేశాడు, పిల్లాడు బతికాడు. తర్వాతి పిల్లాడికి కుట్టే ప్రయత్నమే చేయలేదు. వందేళ్లు దాటినా ఇవాళ్టికీ అదే ఆపరేషన్. అంతకు ముందు ఈ జబ్బు పిల్లల్లో చాలామంది చనిపోయేవారు.

మారింది లోపలికి వెళ్లే దారి మాత్రమే. ఒకటి, పిల్లలమర్రి అక్క చెప్పిన కుడివైపు కోత. రెండోది, బొడ్డు పైన మడత వెంట అర్ధచంద్రంలా కోసి కండరాన్ని బయటికి తెచ్చుకోవడం. 1986 నుంచి ఇది వాడుకలోకి వచ్చింది. ఇదీ ఓపెన్ ఆపరేషనే, కానీ మచ్చ బొడ్డులో కలిసిపోతుంది. మూడోది కీహోల్, 1990ల నుంచి. బొడ్డు దగ్గర కెమెరాకు ఒక రంధ్రం, అటూ ఇటూ 3 మి.మీ. పనిముట్లకు రెండు. పని చేయడానికి చోటు కోసం కార్బన్ డయాక్సైడ్ నింపుతాం. పెద్దవాళ్లకు పెట్టేంత ఒత్తిడి పెట్టం, పని కాగానే తీసేస్తాం. మీ బావగారికి ఆ మాట చెప్పండి.

కాబట్టి మీ సర్జన్ ఓపెన్ అంటే ఏ ఓపెన్ అని అడగండి. కుడివైపా, బొడ్డు దగ్గరా? చాలామంది తల్లిదండ్రులు ఈ ప్రశ్న అడగరు. మచ్చ గురించిన బెంగ సగం అక్కడే తేలిపోతుంది.

ఇక ఏది మంచిదన్న లెక్క. 2009లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. ఆరు కేంద్రాలు, 180 మంది పిల్లలు. ఎవరికి ఏ పద్ధతి అన్నది చీటీ వేసినట్టు నిర్ణయించారు. పొట్ట మీద, కింద ఏ కోత ఉందో కనిపించకుండా కట్టు వేశారు, ఏ ఆపరేషన్ అయిందో తల్లిదండ్రులకూ వార్డు సిబ్బందికీ తెలియకుండా. కీహోల్ పిల్లలు పూర్తి పాలకు రావడానికి 18.5 గంటలు పట్టింది, ఓపెన్ పిల్లలకు 23.9 గంటలు. ఆపరేషన్ తర్వాత హాస్పిటల్లో ఉన్నది కీహోల్ పిల్లలు 33.6 గంటలు, ఓపెన్ పిల్లలు 43.8 గంటలు. వాంతుల్లో, ఆపరేషన్‌లో వచ్చే ఇబ్బందుల్లో పెద్ద తేడా కనిపించలేదు.

2021లో కాక్రేన్ వాళ్లు (వైద్య పరిశోధనలను కలిపి తూకం వేసే సంస్థ) ఇలాంటి ఏడు పరిశోధనలు, మొత్తం 720 మంది పిల్లలను కలిపి చూశారు. కీహోల్‌లో లోపలి పొరకు రంధ్రం పడటం, కండరం పూర్తిగా చీలకుండా మిగలడం కాస్త ఎక్కువ ఉండొచ్చని తేలింది. అయితే ఆధారం గట్టిది కాదని వాళ్లే రాశారు. అలాంటివి జరిగేదే బహు తక్కువ మందికి కాబట్టి, 720 మందిలో లెక్క అటూ ఇటూ ఊగుతుంది.

నా మాట: చెయ్యి తిరిగిన వాళ్ల దగ్గర రెండూ మంచివే. ఐదు గంటలు ముందు పాలు తాగడం కోసం, అలవాటు లేని చేతిలో కీహోల్ చేయించుకోవద్దు.

అచ్చంపేట_వదిన · మంగళవారం ఉదయం 9:05

డాక్టర్ గారూ, "అలాంటివి జరిగేదే బహు తక్కువ మందికి" అన్నారు. ఆ తక్కువ మందిలో మా అక్క కొడుకు ఉన్నాడు.

కీహోల్ చేశారు. మూడు చిన్న చుక్కలు, చూస్తే ముద్దొచ్చేటట్టు ఉన్నాయి. మూడో రోజు ఇంటికి పంపారు. వాంతులు ఆగలేదు. ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు ఉంటాయన్నారు, సరే అనుకున్నాం. పది రోజులైనా అదే తీరు, గోడకు కొట్టినట్టు. మళ్లీ తీసుకుపోతే కండరం ఒక చివర చీలకుండా మిగిలిందన్నారు. రెండోసారి మత్తు, రెండోసారి ఆపరేషన్, ఈసారి కోసి. ఆ పది రోజులు మా అక్క నిద్రపోలేదు. పాలు ఇవ్వడానికే భయపడేది, మళ్లీ వాంతి చేస్తాడని.

హాస్పిటల్ పేరు రాయను. పిల్లాడు ఇప్పుడు బాగున్నాడు. కానీ మొదటిసారి చేసిన వాళ్లు ఇలాంటివి ఎన్ని చేశారని మేం ఎవరమూ అడగలేదు. చిన్న రంధ్రాలు అనగానే మంచిది అనుకున్నాం. తమ్ముడూ, నువ్వు అడుగు. సిగ్గుపడకు.

ఫణిగిరి_గుట్ట · మంగళవారం ఉదయం 9:40

అమ్మా, మీరు రాసింది చదివి బాధేసింది. మీరు చెప్పింది నిజంగా జరిగేదే. కీహోల్‌లో కండరాన్ని వేలితో తడిమి చూడలేం, పొడవు కంటితో అంచనా వేయాలి. పేగు వైపు ఎక్కువ చీలిస్తే లోపలి పొర తెగుతుందన్న భయం ఉంటుంది, జీర్ణాశయం వైపు ఆగిపోతే మీ అక్కగారి అబ్బాయికి అయినట్టవుతుంది. చేయి తిరిగే దాకా ఈ తప్పులు ఎక్కువ.

ఇంకో మాట చదివేవాళ్ల కోసం. ఏ పద్ధతిలో చేసినా ఒకటి రెండు రోజులు కొద్దిగా వాంతి ఉంటుంది, అది మామూలే. వారం దగ్గర పడినా అదే ఊపుతో వస్తుంటే ఆగకుండా సర్జన్‌కు చూపించండి. ఇంటికి పోయాక జ్వరం, పొట్ట ఉబ్బరం, బాబు సోలిపోవడం కనిపిస్తే మాత్రం గంటలు కూడా ఆగొద్దు. తెలియకుండా రంధ్రం పడి ఉంటే అలాగే బయటపడుతుంది. అందుకే కండరం చీల్చాక, పొట్ట మూసే ముందే ముక్కు గొట్టంలోంచి జీర్ణాశయంలోకి గాలి ఊది, చీల్చిన చోట బుడగలు వస్తున్నాయేమో చూస్తాం. అక్కడికక్కడే తెలిస్తే కుట్టేస్తాం, బాబుకు ఏమీ కాదు.

మత్తు_గది · మంగళవారం మధ్యాహ్నం 1:30

నేను మత్తు డాక్టర్‌ని, మహబూబ్‌నగర్ జిల్లా. ఇంతసేపూ ఓపెనా కీహోలా అన్నదే నడుస్తోంది. తమ్ముడు రాసిన ఒక వాక్యం మీద ఎవరూ ఆగలేదు: "ఎందుకు ఆలస్యం చేస్తున్నారో అర్థం కావడం లేదు." నాకు ఈ చర్చ మొత్తంలో అదే ముఖ్యం.

ఆలస్యం చేస్తున్నారంటే మంచి చోట ఉన్నారని అర్థం. వాంతితో పాటు జీర్ణాశయంలోని ఆమ్లం పోతుంది. నీళ్లు, క్లోరైడ్, పొటాషియం తగ్గిపోతాయి, రక్తంలో క్షారం పెరుగుతుంది. అలా ఉన్న పసిబిడ్డకు మత్తు ఇస్తే, ఊపిరి తీసుకోమని మెదడు ఇచ్చే ఆదేశం మందగిస్తుంది. ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగి, బయటికి తెచ్చాక ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. అందుకే ఇది ఉరుకులు పరుగులతో చేసే ఆపరేషన్ కాదు. ఉరుకు పెట్టాల్సింది సెలైన్ విషయంలో. ముందు రక్తం సరిచేయాలి, తర్వాతే కత్తి. అది ఒక రోజులో అవ్వొచ్చు, మరీ ఎండిపోయిన బిడ్డకు రెండు మూడు రోజులు పట్టొచ్చు.

రిపోర్టులో రెండు అంకెలు చూడు తమ్ముడూ. క్లోరైడ్ 100 దాటాలి, బైకార్బొనేట్ (నేను చెప్పిన క్షారం లెక్క ఇదే) 30 లోపుకు దిగాలి. మూత్రం ధారగా రావాలి. మూత్రం వచ్చాకే పొటాషియం కలుపుతారు.

మత్తు ఇచ్చే ముందు మేం చేసే పని ఒకటి చెప్తాను. ముక్కులోంచో నోట్లోంచో గొట్టం వేసి జీర్ణాశయంలో ఉన్నదంతా లాగేస్తాం. వెల్లకిలా ఒకసారి, ఎడమకు తిప్పి ఒకసారి, కుడికి తిప్పి ఒకసారి. ఎన్నో గంటల కింద తాగిన పాలు కూడా పెరుగులా వస్తాయి. అవి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. సర్జన్ గురించి ఇంత విచారిస్తున్నారు కదా, మత్తు ఇచ్చేవాళ్లకు నెలల పిల్లల అలవాటు ఉందా అని కూడా అడగండి.

దేవరకొండ_నాన్న · మంగళవారం మధ్యాహ్నం 2:10

అన్నా, ఇప్పుడే నర్సును అడిగి రిపోర్టు చూశా. వచ్చిన రోజు క్లోరైడ్ 86, బైకార్బొనేట్ 36, పొటాషియం 3.0. ఇవాళ పొద్దున క్లోరైడ్ 95, బైకార్బొనేట్ 31. ఇంత మాట నాకెవరూ చెప్పలేదు. నిన్న రాత్రి డ్యూటీ డాక్టర్‌తో కోపంగా మాట్లాడా, మా పిల్లాడిని పట్టించుకోరా అని. సాయంత్రం ఆయన వస్తే క్షమాపణ చెప్పాలి.

మూసీ_కాల్వ · మంగళవారం సాయంత్రం 4:45

అన్నా, మాది మిర్యాలగూడ. మా బాబుకు రెండేళ్ల కింద కీహోల్ చేశారు. చేసినాయన రోజూ చేసేవాడే. సాయంత్రం ఆపరేషన్, తెల్లారే పాలు, మూడో రోజు ఇంట్లో ఉన్నాం. మచ్చలు ఇప్పుడు వెతకాలి. నాకైతే కీహోల్ మీద మంచి మాటే ఉంది. అచ్చంపేట అక్క రాసింది చదివాక, మాకు కలిసొచ్చింది పద్ధతి కాదు, ఆ డాక్టర్ అనిపిస్తోంది.

డబ్బు సంగతి ఎవరూ రాయలేదు. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు చేశారు. హాస్పిటల్లో ఆరోగ్యమిత్ర డెస్క్ ఉంటుంది, చేరిన రోజే వెళ్లి అడుగు. బాబు పేరు కార్డులో లేదు కదా అని మేం భయపడ్డాం. బాబు పుట్టిన సర్టిఫికెట్, మా కార్డు పట్టుకుపోయాం, పనైంది. సర్టిఫికెట్ ఊర్లోనే మర్చిపోయి వచ్చి ఉంటే ఎవరితోనైనా ఫోటో తీయించి తెప్పించుకో.

నాగార్జునకొండ · మంగళవారం సాయంత్రం 5:20

ఆపరేషన్ లేకుండా మందులతో తగ్గదా? ఎక్కడో చదివిన గుర్తు. ఇంత చిన్న పిల్లాడిని కోయడం అంటే మనసు ఒప్పదు.

ఫణిగిరి_గుట్ట · మంగళవారం రాత్రి 8:30

అట్రోపిన్ అనే మందు ఉంది. జపాన్‌లో కొన్నిచోట్ల వాడారు. రోజుల తరబడి సూది, తర్వాత వారాల పాటు నోటి మందు, అయినా అందరికీ పనిచేయదు, కొందరికి చివరికి ఆపరేషన్ తప్పదు. అరగంట పని చేస్తే తగ్గే జబ్బుకు అంతకాలం బిడ్డను అర్ధాకలితో ఉంచడం నాకు ఇష్టం ఉండదు. ఆపరేషన్‌కు అసలే వీల్లేని బిడ్డ అయితే ఆలోచించాలి.

సందర్భం వచ్చింది కాబట్టి ఇదీ రాస్తాను. ఇది ఎక్కువగా మగపిల్లలకు వస్తుంది, ఆడపిల్లల కంటే నాలుగైదు రెట్లు. మొదటి కాన్పులో ఎక్కువ. పుట్టిన మొదటి రెండు వారాల్లో ఎరిత్రోమైసిన్ సిరప్ వాడిన పిల్లల్లో ఎక్కువగా కనిపించింది, కాబట్టి పసిబిడ్డ దగ్గుకు మందుల షాపులో అడిగి తెచ్చి పోయకండి. తల్లి తిన్నదాని వల్ల వచ్చేది కాదు. పాల దోషం అసలే కాదు. ఇంట్లో ఎవరైనా బాలింతను ఆ మాట అంటుంటే ఇది చదివి వినిపించండి.

ఇంకొకటి, వాంతి తెల్లగా ఉన్నంతవరకే ఈ జబ్బు లెక్క. పసిబిడ్డ పచ్చగా, పసరులా వాంతి చేస్తే అది వేరే జబ్బు. పేగు మెలిపడి ఉండొచ్చు. దానికి రోజులు కాదు, గంటలే ఉంటాయి. 108కి ఫోన్ చేసి బయలుదేరాలి.

పరిశోధనల్లో ఐదు గంటలు, పది గంటలు తేడా అని లెక్కపెడుతున్నాం. నా దగ్గరికి వచ్చే నల్లగొండ, నాగర్‌కర్నూల్ పిల్లల్లో చాలామంది స్కానింగ్‌కు ముందే పది రోజులు పోగొట్టుకుని వస్తారు. పల్లెలో నాలుగు రకాల సలహాలు, పట్నంలో మూడు రకాల చుక్కల మందులు. ఎముకల మీద చర్మం ముడతలు పడి వస్తారు. ఆ పది రోజులు మిగిలితే ఏ పద్ధతైనా తేలికే.

దేవరకొండ_నాన్న · బుధవారం ఉదయం 10:15

ఇద్దరు సర్జన్లనూ మళ్లీ కలిశా. కాగితం మీద రాసుకుని పోయా.

కీహోల్ అన్న డాక్టర్ గారు నిజాయితీగా చెప్పారు. పెద్ద పిల్లలకు కీహోల్ చాలా చేస్తానని, ఈ ఆపరేషన్ మాత్రం కీహోల్‌లో కొన్నే చేశానని. ఓపెన్ అన్న ఆయన బొడ్డు మడత దగ్గర కోస్తారట. ఏళ్ల నుంచి అదే చేస్తున్నారట. మధ్యలో ఇరుకైతే కోత కాస్త పెంచాల్సి రావొచ్చని, బొడ్డు దగ్గర కాబట్టి చీము పట్టకుండా కొన్ని రోజులు శుభ్రంగా చూసుకోవాలని చెప్పారు. మత్తు ఇచ్చే మేడమ్‌ను కూడా పిలిపించి మాట్లాడించారు. పిల్లలకే ఇస్తారట.

బొమ్మ గీసి చూపించాక అత్తమ్మ ఒప్పుకుంది. ఈ ఉదయం క్లోరైడ్ 102, బైకార్బొనేట్ 27. రేపు పొద్దున్నే.

పిల్లలమర్రి_నీడ · బుధవారం ఉదయం 10:40

మంచిది తమ్ముడూ. మీ ఆవిడను కాస్త నిద్రపోనివ్వు. రేపు ఆమెకు ఓపిక కావాలి.

వార్డు_సిస్టర్ · బుధవారం రాత్రి 9:30

పిల్లల వార్డులో 14 ఏళ్లుగా నర్సుగా చేస్తున్నా. సర్జన్లు చెప్పాల్సింది చెప్పారు, మంచం పక్కన జరిగేది నేను చెప్తా.

పాలు ఎప్పుడు ఇవ్వాలన్నది ఒక్కో హాస్పిటల్లో ఒక్కో తీరు. కొందరు నాలుగు గంటలకే మొదలుపెడతారు, కొందరు కొంచెం ఆగుతారు. మీ వాళ్లు చెప్పినట్టే చేయండి. ఆలోగా తల్లి పాలు పిండి తీయమనండి, లేకపోతే రొమ్ములు గట్టిపడి నొప్పి చేస్తాయి, పాలు కూడా తగ్గుతాయి. మొదటి పాలు కొద్దిగా ఇస్తారు. ఉగ్గుగిన్నెతో పోస్తే తొందరపడకండి, నాలుక మీద పడ్డది మింగాకే తర్వాతది. బిడ్డ ఆకలి మీద ఉంటాడు, గుటగుట లాగేస్తాడు, మధ్యమధ్యలో భుజం మీద వేసుకుని త్రేన్పు రానివ్వాలి.

మొదటి పాలకో రెండో పాలకో ఒకసారి వాంతి అవుతుంది. అప్పుడు తల్లులు నా చెయ్యి పట్టుకుని ఏడుస్తారు, ఆపరేషన్ పాడైందని. పాడవలేదు. గోడకు కొట్టిందా, ఒంటి మీదికి జారిందా అని చూడండి. జారితే కంగారు లేదు.

తడిసిన డైపర్లు పారేయకుండా నాకు చూపించమంటాను. బరువు చూస్తే మూత్రం ఎంత వచ్చిందో తెలుస్తుంది. కాలికి కట్టిన, ఆక్సిజన్ ఎంతుందో చూపించే వైరు పీకేయకండి. ఏడుస్తున్నాడని తీసేస్తుంటారు. ఆ రాత్రి బిడ్డ ఊపిరి మీద కన్నేసి ఉంచేది అదే.

దేవరకొండ_నాన్న · గురువారం రాత్రి 11:55

అయింది. పొద్దున 8:30కి లోపలికి తీసుకుపోయారు, 9:45కి బయటికొచ్చి సర్జన్ గారు చెప్పారు. కండరం పూర్తిగా విడిందని, గాలి ఊది చూశామని. ఆ గాలి మాట నాకు ముందే తెలుసు కాబట్టి గట్టిగా ఊపిరి పీల్చుకున్నా.

మధ్యాహ్నం 3 గంటలకు 15 ఎం.ఎల్. ఇచ్చారు, ఆగింది. సాయంత్రం 30 ఇచ్చారు, సగం వాంతి చేశాడు. నా భార్య నా వైపు చూసింది. "ఒంటి మీదికే జారింది" అన్నా. సిస్టర్ అక్కా, ఆ మాట మీదే. రాత్రి 9 గంటలకు మళ్లీ 30 తాగాడు. నేను అలవాటుకొద్దీ భుజం మీద తువ్వాల వేసుకుని ఎదురుగా కూర్చున్నా. అరగంట చూశా. త్రేన్చి పడుకున్నాడు. తువ్వాల పొడిగానే ఉంది.

రాత్రి డ్యూటీ డాక్టర్‌కు క్షమాపణ చెప్పా. ఆయనకు గుర్తే లేదట.

అచ్చంపేట_వదిన · శుక్రవారం ఉదయం 7:10

చదువుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి తమ్ముడూ. మా అక్కకు ఫోన్ చేసి చదివి వినిపించా. ఇంటికి పోయాక వారం వరకు వాంతి ఎలా వస్తుందో ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టుకో అంది. అప్పుడు తను రాసుకోలేదట, డాక్టర్ అడిగితే ఏ రోజు ఎన్నిసార్లో చెప్పలేకపోయిందట.

వార్డు_సిస్టర్ · రెండు వారాల తర్వాత, ఆదివారం ఉదయం 11:00

దేవరకొండ తమ్ముడూ, బరువు చూశారా? బొడ్డు దగ్గర ఎరుపు, చెమ్మ ఏమైనా ఉందా?

దేవరకొండ_నాన్న · ఆదివారం రాత్రి 8:20

అక్కా, నిన్ననే చూపించుకుని వచ్చాం. 3 కిలోల 780. చెమ్మ లేదు, ఎరుపు లేదు, కుట్లు వాటంతటవే కరిగిపోతాయన్నారు. నోట్‌బుక్‌లో మొదటి మూడు రోజులు ఐదు వాంతులు రాశాం, తర్వాత పేజీలన్నీ ఖాళీ. పొట్ట మీద అల కూడా పోయింది. మొన్న మా నానమ్మ కళ్లద్దాలు పెట్టుకుని ఎత్తుకుంది, కోత ఎక్కడరా అని బొడ్డు చుట్టూ వేలితో తడిమింది. మడత కాస్త లాగి చూపిస్తే గానీ కనిపించలేదు. ఆమె చేయి చల్లగా తగిలి పిల్లాడు నిద్ర లేచాడు, పాలకు ఏడ్చాడు.